స్కాలర్‌షిప్పు, స్ట్రెప్టోమైసిన్, నా చెవులు

ఆ రోజు ఎ.కొండూరు దగ్గర ఒక ఊళ్లో బావి నీళ్లు తోడుతుంటే కుడి డొక్కలో పోటు వచ్చింది. చేద సగం దాకా వచ్చాక తాడు పట్టుకోలేక వదిలేశాను. నీళ్లకొచ్చిన ఒకావిడ, "ఏంటి బాబూ, మొహం అలా పాలిపోయింది?" అంటూ నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది.

అప్పటికి నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేశాను. పల్లెల్లో తాగే నీటికీ, వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేయాలని నా కోరిక. కలకత్తాలో ప్రజారోగ్య పరిశోధనకు స్కాలర్‌షిప్పు వచ్చింది. తిరువూరులో లారీలు బాగుచేసే మా అబ్బా, కొడుకు కలకత్తా పోతున్నాడని షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పాడు. వెళ్లేలోగా మన వైపు బావుల నీళ్లు పరీక్షించి ఉంచుకుందామని నేను ఊళ్లు తిరుగుతున్నాను.

సాయంత్రమైతే జ్వరం, దగ్గు వచ్చేవి. అమ్మీ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించింది. స్కాలర్‌షిప్పుకు మెడికల్ ఫిట్‌నెస్ కావాలి గనక విజయవాడ వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాను. డాక్టరు గారు ఫిల్మును కిటికీ వైపు ఎత్తి చూశారు.

"రైట్ అప్పర్ లోబ్‌లో, అంటే కుడి ఊపిరితిత్తి పైభాగంలో క్యావిటీ ఉంది. టీబీ."

"మరి నా కలకత్తా, సార్?"

"ముందు ప్రాణం సంగతి చూసుకో. కళ్లెలో క్రిములు పోయి స్పూటమ్ నెగెటివ్ అయ్యేదాకా ఎక్కడికీ కదలకూడదు."

మా ప్రొఫెసరు గారు ఎవరెవరినో బతిమాలారు. స్కాలర్‌షిప్పు ఇచ్చేవాళ్లు మరుసటి ఏడు ఇంటర్వ్యూకి మళ్లీ పిలుస్తామన్నారు. ఆ మాటే పట్టుకుని బతికాను.

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ బిళ్లలు, కడుపులో తిప్పే పీఏఎస్ పొడి. నా కంచం, గ్లాసు వేరు. చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్లేవారు. అబ్బా మాత్రం నా మంచం మీదే కూర్చునేవాడు. "ఒక్క ఏడాదే కదరా. కలకత్తా ఎక్కడికీ పోదులే" అనేవాడు.

దగ్గు తగ్గింది, ఒళ్లు చేశాను. అప్పుడు చెవుల్లో సన్నగా ఈల మొదలైంది. మా ఊళ్లో ఇంజెక్షన్లు చేసే డాక్టరు గారికి చెప్పాను. "బలహీనతయ్యా. గుడ్లు తిను. ఇంజెక్షన్ మాత్రం ఆపకు" అన్నారు. ఆపలేదు. తర్వాత నడుస్తుంటే నేల ఒక పక్కకి ఒరిగినట్టయ్యేది. గోడ పట్టుకోకుండా పెరట్లోకి పోలేకపోయేవాణ్ణి.

ఒకరోజు షెడ్డులో నిలబడి ఉన్నాను. లారీ కింద పడుకుని పని చేస్తున్న అబ్బా ఉన్నట్టుండి కోపంగా బయటికి వచ్చాడు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికొచ్చి భుజం కుదిపితే గాని మాట అందలేదు.

"పానా అందుకోరా అని ఎంతసేపట్నించి అరుస్తున్నాను! వినబడట్లేదా?"

నేను చెవి మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన కోపం అక్కడే చల్లారిపోయింది. మసి చేతులతోనే నా చెవులు రెండూ పట్టుకుని నిలబడిపోయాడు.

విజయవాడ డాక్టరు గారు నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పారు. "ఎయిత్ నర్వ్, అదే చెవి నరం, దెబ్బతింది. స్ట్రెప్టోమైసిన్ వల్లే. ఈ రోజు నుంచే ఆపేద్దాం."

"పోయింది తిరిగొస్తుందా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

మిగతా మందులతో టీబీ తగ్గింది, స్పూటమ్ నెగెటివ్ వచ్చింది. అమ్మీ నమాజు చాప మీదే ఏడ్చేసింది. నేను ఇంటర్వ్యూకి వెళ్లాను. బల్ల అవతల పెద్దలు అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారు. వాళ్లడగని ప్రశ్నకు నేను జవాబు చెప్పానని వాళ్ల మొహాలు చూశాకే తెలిసింది. చివరికి ఒకాయన లేచి నా పక్కకొచ్చారు. "జనంతో మాట్లాడి చేయాల్సిన పరిశోధన బాబూ. నువ్వేమీ అనుకోకు" అన్నారు. అనుకోవడానికి ఏముంది? స్కాలర్‌షిప్పు ఇంకొకరికి ఇచ్చారు.

ఇప్పుడు షెడ్డులోనే పని చేస్తున్నాను. డ్రైవర్లు సైగలతో చెబుతారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంటారు డాక్టర్లు. సంతోషించాలని తెలుసు, సంతోషం రాదు. ఎవరైనా పరిశోధన ఎందుకు మానేశావని అడిగితే, వినబడనట్టు ఊరుకుంటాను.

ఈ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు ఒక్క మాట. మందులు మీ అంతట మీరు మానకండి. కానీ రోజూ పొద్దున చేతి గడియారం ఒక్కో చెవి దగ్గరా పెట్టుకుని చూడండి. చప్పుడు తగ్గినా, ఈల వినిపించినా, తల తిరిగినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. బలహీనతంటే ఊరుకోకండి, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. జవాబు వినబడుతుండగానే అడగండి.