ఎడమచేతి అంటు

మొక్కల నర్సరీలో ఆమె పని అంట్లు కట్టడం. కొత్తవాళ్లు ఏం పని చేస్తారని అడిగితే “అంట్లు” అనేది. “ఎవరింట్లో?” అని అడిగేవారు వాళ్లు. గిన్నెలు తోమే అంట్లు కావని, ఒక కొమ్మను తెచ్చి ఇంకో మొక్క మొదలుకు అతికించే అంట్లని చెప్పి, వాళ్లు నాలిక కరుచుకునేలోపు తనే నవ్వేసేది. నర్సరీలో అందరికీ ఆమె పెద్దక్క.

ఆ పనికి కావలసింది మడత చాకు ఒక్కటే. ఆమె చాకు పాతది. బ్లేడు మీదున్న సన్నని గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే తెరుచుకునేది. కొమ్మ ఒక్క దెబ్బకు అద్దంలా తెగాలి. కోతలో మిట్టపల్లాలుంటే రెండు ముక్కల మధ్య గాలి చేరి అంటు ఎండిపోతుంది. పెద్దక్క కట్టిన అంటు ఎండిందన్న మాట ఎవరూ వినలేదు.

ఒక వానాకాలం ఆమె కుడి బొటనవేలి కీలు వాచింది. వేలికి విశ్రాంతి ఇమ్మన్నాడు డాక్టరు. బాటసారిని కాలు కింద పెట్టొద్దన్నట్టుందనుకుని ఆమె ఊరుకుంది. చాకు తెరవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. దర్జీ పని చేసే భర్త పొద్దున్నే తెరిచి ఇస్తే, గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకుని వెళ్లేది. సాయంత్రం మళ్లీ ఆయనే మూసేవాడు. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

ఆమె పక్కనే కూర్చుని పనిచేసేది ఆమె తోటికోడలు. పెద్దక్క కోసి జతచేస్తే, చిన్నావిడ టేపు చుట్టేది. ఇంట్లో ఒకరి మాట ఒకరికి పడకపోయినా పని దగ్గర నాలుగు చేతులూ ఒక మనిషివే. ఒకనాడు చిన్నావిడ టేపు కోసం బుట్టలో చెయ్యి పెట్టింది. గుడ్డ జారి ఉంది. అరచెయ్యి తెగింది.

కట్టు కట్టించుకుని వచ్చాక చిన్నావిడ ఆమె పక్కన కూలబడింది. “మూయకుండా ఎందుకు పెట్టావక్కా?”

“మూస్తే మళ్లీ తెరవలేను.”

ఇంతకాలం ఏ నోటితో పెద్దక్కను దెప్పుతూ వచ్చిందో ఆ నోటితోనే చిన్నావిడ, సెలవురోజున చాకుల కొట్టుకు పోదామంది. పెద్దక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందంది.

కొట్టువాడు గాజు బల్ల మీద మఖమలు గుడ్డ పరిచి, చాకులు ఒక్కొక్కటే పెట్టాడు. పెద్దక్క సంచిలోంచి పచ్చికొమ్మలు తీసింది. చేత్తో పట్టి, కోసి చూడందే చాకు సంగతి తెలియదని ఆమె నమ్మకం.

మొదటిది మొత్తం ఉక్కు. తెరవడం తేలికే. చేతిలో మాత్రం బరువంతా ముందుకు తూగింది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పక్కన పెట్టింది. రెండోదానికి మీట ఉంది. నొక్కగానే బ్లేడు టక్కున బయటికి దూకేసరికి ఆమె ఉలిక్కిపడింది. అది కోసేదానికన్నా బెదిరించేదానికే బాగుందనిపించింది. మూడోదానికి బ్లేడులో బొటనవేలు పట్టేంత రంధ్రం. అది హాయిగా తెరుచుకుంది. మూయాలంటే లోపలి పట్టీని అదే బొటనవేలితో గట్టిగా నొక్కాలి.

“తెరవడం వచ్చి మూయడం రాకపోతే ఇది అచ్చం నా నోరే,” అంది చిన్నావిడ. కొట్టువాడు కూడా నవ్వాడు.

నాలుగోది చెక్క పిడిది. గుండ్రంగా, గోరువెచ్చగా, ఎప్పటినుంచో తనదే అయినట్టు అరచేతిలో ఒదిగింది. పిడి చివరను బల్లకు తట్టగానే బ్లేడు బయటికి జారింది. గోరుతో పనే లేదు. పెద్దక్క ముఖం విప్పారింది. కొమ్మ పట్టుకుని కోసింది. ఇన్నాళ్లూ కోతకు ఓర్చుకున్న బొటనవేలు ఈసారి సగంలోనే పట్టు వదిలేసింది. కోత మెట్టులా వచ్చింది. ఇంకో కొమ్మ తీసింది. అదీ అంతే.

చిన్నావిడ ఆ ముక్క తీసుకుని వేలితో తడిమింది. “తప్పు చాకుది కాదక్కా,” అంది మెల్లగా.

పెద్దక్క చాకును మఖమలు గుడ్డ మీద పెట్టేసింది. ఇన్నేళ్లూ పని తనకు వచ్చనుకుంది. వచ్చింది తనకా, ఈ చేతికా? చెయ్యి కాదంటే తన దగ్గర మిగిలిందేమిటి?

కొట్టువాడు అడుగు సొరుగులోంచి ఇంకోటి తీశాడు. అంటు చాకే, ఒకవైపే పదును పట్టినది. ఆ పదును ఎడమచేతివాటం వాళ్లకోసం రెండోవైపు పట్టారు. చెప్పి చేయించుకున్నవాళ్లు తిరిగి రాలేదట. పెద్దక్క దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. బాగానే కుదిరింది. చేతికే ఏమీ తెలియదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆమె ఎడమచేతికి ఓనమాలు దిద్దించింది. కుట్టుమిషను పక్కన పుల్లల కుప్ప పెరిగింది. భర్త వాటిని ఎత్తి పారబోస్తూ ఒక్కనాడూ విసుక్కోలేదు. నర్సరీలో మొదటి వరుస అంట్లన్నీ నల్లబడ్డాయి. కుండీల్లో మట్టి నింపే పనికి మారమన్నాడు యజమాని. అతను చెడ్డవాడు కాదు, నష్టం కళ్ల ముందు కనబడుతోంది మరి. ఇంకొక్క విడత చూడమని పెద్దక్క అడిగింది. ఆమె నోట అతను విన్న మొదటి బతిమాలే మాట అది.

రెండో విడత టేపులు విప్పే రోజున ఆమెకు ధైర్యం చాలలేదు. చిన్నావిడే విప్పింది. చాలావరకు ఎండిపోయాయి. ఒక గులాబీ మొక్క దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

“అతుక్కుందక్కా. చూడు.”

పెద్దక్క చూసింది. కోత గీత మీద లేతపచ్చని పొర కట్టింది. గీత మాత్రం ఎన్నడూ లేనిది, ఎడమకు వాలి ఉంది. తన చేతి పనిని పరాయివాళ్ల పనిలా చాలాసేపు చూస్తూ నిలబడింది.

తర్వాతి విడతల్లో ఎండేవి తగ్గుతూ వచ్చాయి. మునుపటి వేగం మాత్రం రాలేదు. యజమాని సగం పని చిన్నావిడకు అప్పగించాడు. పెద్దక్క నేర్పింది, చిన్నావిడ నేర్చుకుంది. మధ్యమధ్య ఇద్దరికీ మాటామాటా వస్తూనే ఉంది. ఇప్పుడు ఆ నర్సరీలో కోత ఎటు వాలిందో చూసి, ఏ అంటు ఎవరిదో చెప్పేస్తారు.