నాన్న కోసం చేసిన కుండ

మా నాన్న రాయగడ మున్సిపాలిటీలో నీళ్లు వదిలే పని చేసేవాడు. నేను మట్టితో కుండలు చేసి, వాటిని పట్టుకుని జపాన్, కొరియా, డెన్మార్క్ తిరిగాను. అక్కడి కాలేజీల్లో పాఠాలు కూడా చెప్పాను. నాన్నకు ఇదంతా వింతగా ఉండేది. "కుండలు సెయ్యడానికి ఇమానం ఎక్కాలేటే అమ్మీ? గుణుపురం బస్సెక్కితే సాలదేటి?" అని నవ్వేవాడు. నేను ఉడుక్కునేదాన్ని. నా కుండల ఫొటోలు చూపించినా ఆయన అడిగేది ఒకటే: "అందులో నీల్లు ఆగుతాయా?"

నాన్న జబ్బు ముదిరాక ఒక మధ్యాహ్నం మంచం మీద నుంచే అన్నాడు. "దేశాలోల్లందరికీ సేసేవు, నాకొక్కటీ సెయ్యలేదు. నా ఆకరి కుండ నువ్వే సెయ్యాల. నువ్వే ఎత్తుకోవాల." నేను ఒక్కతే కూతుర్ని. ఆ మాటలేమిటని కసిరి, వీధిలోకి వచ్చి ఏడ్చాను.

కోరాపుట్‌లో నేను కుండలు చేసుకునే షెడ్డుకు వెళ్లి, ఎవరికీ చెప్పకుండా ఆ కుండ మొదలుపెట్టాను. బతికున్న మనిషికి చావు కుండ చేయకూడదని నాకూ తెలుసు. కానీ ఇంకెవరో చేసిన కుండతో ఆయన్ని సాగనంపడం నాకు ఇష్టం లేదు. వచ్చిన విద్యంతా అందులో పెట్టాను. మట్టిని మూడుసార్లు వడగట్టాను. బూడిద పూత పూసి, పెద్ద బట్టీలో రాయిలా అయ్యేదాకా కాల్చాను. నీళ్లు పోసి ఉంచితే తెల్లారినా బయట చెమ్మ కూడా తగల్లేదు. ఆ రోజు పొంగిపోయాను. ఎంత బుద్ధిలేనిదాన్ని!

నాన్న పోయాడు. నాగావళి ఒడ్డున "ఆడపిల్ల కుండెత్తుకోడమేటి" అని ఎవరో గొణిగారు. నాన్న తమ్ముడు, మా బాబాయి, "అది మా అన్న మాట" అని వాళ్ల నోరు మూయించాడు. నీళ్లు నింపిన కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ నడిచాను. ఒక్కో చుట్టుకు వెనక నుంచి కత్తి మొనతో కుండకు ఒక చిల్లు పెడతారు. నీళ్లు ధారగా పడాలి. మూడో చుట్టు కాగానే కుండను వెనక్కి వదిలేస్తే పగలాలి. దాంతో పోయినవాళ్లకు మనతో బంధం తెగుతుందంటారు.

బాబాయి పొడిచాడు. కత్తి జారింది. రెండో చుట్టులో ఇంకా గట్టిగా పొడిచాడు. నా భుజం అదిరింది, కుండ చెక్కుచెదరలేదు. మూడో చుట్టు కూడా ఒక్క చుక్క పడకుండా పూర్తయింది. వెనక్కి వదిలాను. ఇసుకలో ధబ్బుమంది, అంతే. తిరిగి చూడకూడదు. చూశాను. కుండ పక్కకు ఒరిగి, నిక్షేపంగా ఉంది.

"ఇంత గట్టిగా ఎందుకు సేసేవే అమ్మీ?" అన్నాడు బాబాయి. "ఇది పగలకపోతే అన్న ఎలాగెల్తాడే?"

ఒక రాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. బాగా కుదరని కుండను జాలిపడకుండా పగలగొట్టాలని దేశదేశాల పిల్లలకు నేర్పాను. వాళ్ల ముందు నావే ఎన్నో పగలగొట్టాను. ఇక్కడ మాత్రం చెయ్యి ఆడలేదు. మొదటి దెబ్బ ఇసుకలో పడింది. రెండో దెబ్బకు పెచ్చు కూడా లేవలేదు.

"నాన్నా, ఇంక వెళ్లు" అని అరిచి మూడోసారి కొట్టాను. అప్పుడు పగిలింది.