ఎత్తు జీపుకు ఎర్ర జాకీ

ఎత్తు పెంచిన జీపుకు ఏ జాకీ కొనాలని ఈమధ్య జనం నన్నే అడుగుతున్నారు. మా బడిలో లెక్కల సారు కొత్త జీపు కొన్నాడు. కొన్న నెలకే దాన్ని నాలుగంగుళాలు లేపించి, మొన్న స్టాఫ్ రూంలో నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేడం, గీ జాకీల సంగతి మీకు బాగ తెలుసంట గద," అన్నాడు. నాకు ఎలా తెలుసో ఆయనకూ తెలుసు. అందుకే నా ముఖం చూడకుండా నా టిఫిన్ డబ్బాను చూస్తూ అడిగాడు.

చెప్పాను. నేను సైన్సు టీచర్ని, అడిగితే చెప్పకుండా ఉండలేను. బండితో పాటు వచ్చిన జాకీని మరిచిపొమ్మన్నాను. అది పాత ఎత్తుకు కొలిచి ఇచ్చింది, చివరిదాకా తిప్పినా ఇప్పుడు చక్రం నేల వదలదు. దాని కింద ఇటుకలు పేర్చే తెలివి మన మగవాళ్లకు పుట్టుకతోనే వస్తుంది, ఆ తెలివి వాడొద్దన్నాను. బండి బరువును సులువుగా మోసే హైడ్రాలిక్ జాకీ, సీసా ఆకారంలో ఉండేది, కొనమన్నాను. దాన్ని బాడీ కింద కాకుండా చక్రం దగ్గర ఇరుసు కింద పెట్టమన్నాను. చంటిపిల్లను చంకల కింద పట్టి లేపితే కాళ్లు చాలాసేపు నేలకు ఆనుకునే ఉంటాయి కదా, ఎత్తు జీపును బాడీ పట్టి లేపితే అదే జరుగుతుంది. బండి మనిషెత్తు లేచి ఊగుతుంటుంది గాని చక్రం మాత్రం కిందే ఉంటుంది. ఇరుసు కింద లేపితే నాలుగు వేళ్ల ఎత్తు చాలు. జాకీ కింద వెడల్పాటి చెక్క వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టమన్నాను. నట్లు బండి నేలమీద ఉండగానే వదులు చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్టెప్నీని ఊరికే పక్కన పెట్టకుండా బండి కింద పడుకోబెట్టాలి. జాకీ జారితే బండి దానిమీద ఆగుతుంది.

సారు అన్నీ రాసుకుని, "మీ సార్ కూడ మీ మాట ఇనుంటే..." అని నాలుక కరుచుకున్నాడు. ఊరంతా ఇదే మాట. నేను చెప్పానట, ఆయన వినలేదట.

మా ఆయనకు ఆదిలాబాద్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణం. సొంతూరు బోథ్ దగ్గర, అక్కడ పత్తి చేను ఉంది. చేనుకు పోవడానికి ట్రాక్టరుంది, మోటర్‌సైకిల్ ఉంది, దేవుడిచ్చిన కాళ్లున్నాయి. అయినా జీపు కొన్నాడు. కరీంనగర్‌కు తీసుకుపోయి ఎత్తు పెంచి, ట్రాక్టరుకు సిగ్గొచ్చేంత టైర్లు వేయించుకొచ్చాడు. మా అత్తమ్మ అందులోకి ఎక్కడానికి స్టూలు వేసుకుంటే వీధిలో పిల్లలు నిలబడి చూసేవాళ్లు. దాని బానెట్ పక్కన ఒక ఎర్ర జాకీని బోల్టులతో బిగించాడు. నాలుగడుగుల పొడవు, ఆన్‌లైన్లో తెప్పించాడు. కొందరు మెడలో గొలుసు బయటికి వేసుకుంటారు, ఇదీ అంతే. రెండు వానాకాలాలు దానిమీద పడ్డాయి. ఒక్కసారి నూనె చుక్క వేయలేదు, ఒక్కసారి వాడలేదు. దాని పాదం నా అరచేయంత ఉండేది.

ఇరుసు కింద పెట్టే జాకీ నేను కొన్నాను, నా జీతంతో, ఆయనకు చెప్పకుండా. దాని కింద వేయడానికి చెక్క మా బాపు ఇచ్చాడు. బాపు మందమర్రిలో బొగ్గుబాయిల టింబర్‌మన్‌గా చేశాడు. అంటే కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. చిన్నప్పుడు క్వార్టర్ ముందు కూర్చోబెట్టుకుని నాకు అదే చెప్పేవాడు. కర్ర ఎంత లావుదైనా దాని కాలు కింద చెక్క లేకపోతే నేలలోకి దిగుతుంది, దిగిన కర్ర ఉన్నా లేనట్టే. "కప్పు ముందుగాల్నె మాట్లాడ్తది బిడ్డా. ఇననోని మీదనే పడ్తది," అనేవాడు. తుమ్మ మొద్దును మందంగా కోసి, అంచులు చెక్కి, జీపులో వేసి పంపాడు.

ఆ రోజు ఆదివారం. కరీంనగర్ నుంచి మా ఆయన స్నేహితులు ముగ్గురొచ్చారు. ముందు చేను, తరవాత జలపాతం అని కార్యక్రమం. ఐస్ డబ్బా పెట్టడానికి చోటు చాలలేదని మా ఆయన నా జాకీని, బాపు చెక్కను తీసి అరుగు మీద పెట్టాడు. "గీ కట్టె పొయ్యిల పెట్టుకో," అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు గాని ఎక్కి కూర్చున్నాను.

చేను దగ్గరి బండ్ల బాటలో వెనక టైరు పంచర్ అయింది. ముందు రోజు వాన పడింది. మా నేల నల్లరేగడి, వాన పడితే చెప్పును కూడా వదలదు. బాట కాస్త ఏటవాలుగా కూడా ఉంది. మా ఆయన ముఖంలో చింత లేకపోగా పండగ కనిపించింది. ఎర్ర జాకీ వాడే రోజు వచ్చింది మరి. చేనులో సాళ్ల మధ్య కలుపుకు ఎడ్లతో గుంటుక తోలుతున్న కాకను కేకేశాడు.

కాక అంటే మా దగ్గర ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న మనిషి. యాభై అయిదు దాటి ఉంటాయి. గుంటుక మీద ఆయన చెయ్యి పడితే పత్తి మొక్క ఒక్కటి తెగదు, అందుకే ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాళ్లం కాదు. పెళ్లయిన కొత్తలో నన్ను పటేలమ్మా అని పిలిస్తే నేనే వద్దన్నాను. మా బాపు లెక్క ఉన్నావు, బిడ్డా అని పిలువు అన్నాను. అప్పటి నుంచి బిడ్డా అనే అంటాడు. ఎడ్లను నిలిపి, చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు.

మా ఆయన ఎర్ర జాకీని నేరుగా బురదలో నిలబెట్టి, పక్కన ఉండే ఫుట్‌బోర్డుకు కొక్కెం తగిలించి, పిడి కొట్టడం మొదలుపెట్టాడు. చక్రాలకు రాళ్లు లేవు. స్టెప్నీని కిందికి దింపారు గాని దానిమీద స్నేహితుడొకడు కూర్చుని మిర్చీ బజ్జీలు తింటున్నాడు. ఇంకొకడు వీడియో తీస్తున్నాడు. బండి లేస్తోంది, చక్రం లేవడం లేదు. జాకీ పాదం మట్టిలోకి దిగుతోంది.

"జర ఆగుండ్రి," అన్నాను. "కింద చెక్క లేకుంటె దిగిపోతది. ఆ టైరన్న బండి కిందికి తొయ్యుండ్రి."

మా ఆయన ఆగాడు. నా వైపు కాదు, వాళ్ల వైపు తిరిగాడు. "మా మామ బొగ్గుబాయిల కట్టెలు మోసిండు," అన్నాడు. "గందుకే ఈమెకు ఏది చూసినా కింద కట్టె పెట్టబుద్ధయితది." ముగ్గురూ నవ్వారు. మిర్చీ తింటున్నవాడికి పొలమారింది కూడా. "పోయి నీడకు నిలబడు. బల్లె పిలగాండ్లకు చెప్పుకో నీ పాఠాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను అంటే పడేదాన్ని, అలవాటే. బాపు ఇచ్చిన చెక్కను అరుగు మీద పారేసి, బాపునే తీసుకొచ్చి ఆ మిర్చీ మధ్య పెట్టాడు. పడనీ అనుకున్నాను. ఆ మాట నా మనసులో స్పష్టంగా, పూర్తిగా అనుకున్నాను. ఫుట్‌బోర్డు వంగాలి, తలుపు సొట్ట పోవాలి, అది వీడియోలో పడాలి, వీళ్లు కరీంనగర్ పోయి పదిమందికి చూపాలి. ఆయన తల ఎట్లా వంచుకుంటాడో చూడాలని ఉంది నాకు.

మళ్లీ నోరు తెరవలేదు. నీడకూ పోలేదు. బండి ఎటు వాలుతుందో లెక్క చూసుకుని, అది పడినా నాకు తగలనంత దూరం, బాగా కనిపించేంత దగ్గర, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను.

చివరికి చక్రం నేల వదిలింది. కాక నట్లు విప్పి, చక్రం ఊడదీసి పక్కన పెట్టాడు. జాకీ నా వైపు ఒక వేలెడు వాలింది, తరవాత ఇంకో వేలెడు. బాపు చెప్పిన మాట నిజమే, అది మాట్లాడుతోంది. విన్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని చూస్తున్నాను. ఎవరూ కింద లేరు, కాక నిలబడే ఉన్నాడు. నాకు కావలసినట్టే ఉంది అంతా.

అప్పుడు మా ఆయన చేతిలోంచి నట్టు ఒకటి జారి, చక్రం ఊడిన చోట కిందికి దొర్లింది. "అందుకో," అన్నాడు కాకతో. కాక వంగి చెయ్యి పెట్టాడు.

అరవడానికి నాకు సమయం ఉండింది. ఒక "కాకా!" పట్టేంత. ఎందుకు అరవలేదని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను కాకను చూడటం లేదు, జాకీనే చూస్తున్నాను. అది పడింది. బండి ఒక్కసారిగా కూలింది, ఫుట్‌బోర్డు వంగింది, మా ఆయన వెనక్కి పడి బురదలో కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. లోపల దాచుకున్న నవ్వు కాదు, బయటికే వచ్చింది. నా నవ్వు సగంలో ఉండగా కాక కేక వినిపించింది.

ఇనుప బ్రేకు పలక అంచు ఆయన కుడిచేతి మీద దిగింది, కింద రాయి ఉంది. బండిని మళ్లీ లేపేదాకా చెయ్యి రాలేదు. లేపడానికి ఆ ఎర్ర జాకీనే దిక్కయింది, ఈసారి ముగ్గురు పట్టుకుని, స్టెప్నీ కింద పెట్టి. అది కింద పెట్టమని చెప్పినవాడు మిర్చీ తిన్నవాడే. ఆదిలాబాద్ పెద్దాసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

మా ఆయన మారిపోయాడు. ఆసుపత్రిలో కాక మంచం పక్కన నేలమీద పడుకున్నాడు, స్వయంగా తినిపించాడు. వచ్చిన ప్రతివాళ్లతో, "ఆమె మొత్తుకున్నది, నేనే ఇనలే, నా పాపమే," అన్నాడు. మా అత్తమ్మతో అన్నాడు, దుకాణానికి వచ్చే రైతులతో అన్నాడు. మొత్తుకోలేదు, ఒక్కసారే చెప్పాను. నేను దిద్దలేదు.

దిద్దకపోవడమే కాదు, వాడుకున్నాను. ఇంట్లో ఆయన కొంచెం గొంతు పెంచితే చాలు, "జాకీ" అనేదాన్ని. ఆయన నోరు టక్కున పడిపోయేది. నేను చెప్పిన టీవీ, పిల్లలకు నేను చెప్పిన బడి, నేను చెప్పిన పండక్కి మందమర్రి. ఏడాది పాటు ఆ ఒక్క మాట మీద కాపురం చేశాను. ఆ రోజు కోరుకున్న వంచిన తల రోజూ దొరికింది. సుఖంగా ఉండేదని ఒప్పుకుంటున్నాను.

కాకను పనిలోంచి తీసేయలేదు. గుంటుక మాత్రం వేరేవాడు తోలుతున్నాడు, మొక్కలు తెగుతున్నాయి. కాక గట్టు మీద కూర్చుని అడవి పందులు రాకుండా చూస్తాడు. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడు. ఎడ్లు మాత్రం ఆయన గొంతు వినబడితే ఇప్పటికీ నిలబడిపోతాయి. కొత్తవాడికి అది కోపం.

పోయినసారి పత్తి ఏరేటప్పుడు చేనుకు పోయాను. కాక భార్య కొంగు ఒడి కట్టుకుని ఏరుతోంది, నన్ను చూడగానే పక్కన ఏరే ఆడవాళ్లకు మొదలుపెట్టింది. "గీ తల్లి వద్దు వద్దన్నదట. ఇనుంటే మా ఆయిన చెయ్యి మంచిగుంటుండె. సదువుకున్నోళ్ల మాట ఇనాలె." నేను తల ఊపాను. ఎన్నోసారో, ఇప్పుడు అలవాటుగానే ఊపుతాను. ఆమె నాకు నీళ్లు తెస్తానని బావి దగ్గరికి పోయింది.

గట్టు మీద కాక పక్కన కూర్చున్నాను. చెయ్యి ఎట్లుందని అడిగాను. చలికి సలుపుతుందన్నాడు. తరవాత చేను వైపే చూస్తూ, ఎడ్లతో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"గా దినం నువ్వు ఎనుకకు జరిగినవ్ బిడ్డా. నేను జూసిన."

నా చేతిలో ఒక పత్తి కాయ ఉంది. దాని పెంకు గిల్లుతూ కూర్చున్నాను.

"నువ్వు తెలిసినదానివి. ఊకె జరుగవు గద అనుకున్న. నేను గూడ జరుగుదామనుకున్న. గప్పుడే పటేల్ నట్టు అందుకోమన్నడు." కోపం లేదు, నిష్ఠూరం లేదు, నిజంగానే అర్థం కాని సంగతి అడుగుతున్నట్టు అడిగాడు. "నువ్వు జరిగేటప్పుడు నన్ను గూడ ఒక్క మాట పిలిస్తె అయిపోతుండె గద."

జవాబు కోసం ఆయన నా వైపు తిరిగాడు. ఆయన భార్య చెంబుతో వచ్చి నాకు నీళ్లు పోస్తూ, నా తెలివిని, నా మంచితనాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. కాక ఆమెకు అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, దోసిలి పట్టి తాగాను.