పచ్చ చుక్క

మా నాన్నది నరసరావుపేటలో బట్టల కొట్టు. బేరమాడకుండా నేను కొన్నది బస్సు టికెట్ ఒక్కటే. గురజాల బస్టాండులో మాచర్ల బస్సు కోసం చూస్తూ, పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ కనపడితే, నేను కొనబోయేదానికి ఊరికే సలహా లాగుదామనుకున్నాను. ఆమె పనేమీ చేయడం లేదు. వేలితో తెరమీది బాణం గుర్తును అటూ ఇటూ జరుపుతోంది.

"ఏందమ్మాయ్, ఆడుకుంటన్నావా?"

"వేలు ఆపితే తెరమూల ఈ పచ్చ చుక్క ఆరిపోద్దక్కా. నేను సీట్లో లేనని ఆఫీసుకు తెలిసిపోద్ది. ఇంకోసారి ఆరితే ఉద్యోగం ఉండదన్నారు."

"సెలవు పెట్టొచ్చుగా?"

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడే అన్నీ అయిపోయినయ్. పొద్దున అమ్మ పోయిందని చెప్తే, షిఫ్టు అయ్యాక వెళ్లమన్నారు. చెప్పకుండా బయల్దేరొచ్చా."

నాకు ఓదార్చడం రాదు. నోటికొచ్చింది కొట్టు మాటే. "మరి కొత్తగా వచ్చే లాప్‌టాపుల్లో ఏముండాలంటావు?" అన్నాక నాలుక కొరుక్కున్నాను.

"నేను లేచెళ్లి ఏడ్చొచ్చేదాకా చుక్క ఆరకుండా ఆగేది ఉంటే చాలక్కా." వేలు మాత్రం ఆగలేదు.

లాప్‌టాప్ నా ఒళ్లోకి లాక్కున్నాను. "పో, నేను జరుపుతుంటా."

ఆమె బస్టాండు వెనక్కి వెళ్లింది. రెండు నిమిషాలకే తిరిగొచ్చింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"రావట్లేదక్కా. ధ్యాసంతా చుక్క ఆరిపోద్దేమోననే ఉంది," అని లాప్‌టాప్ తీసుకుంది.