కుందేలుకు ఉగాది తలంటు

పోయినవన్నీ ముందు చెప్పేస్తాను. రెండు వందల ముప్పై గ్రాముల బొచ్చు. ఒంట్లోంచి మూడు వందల ఇరవై గ్రాముల బరువు. ముందరి కుడికాలి గోరు ఒకటి. నా భార్య రాళ్లు అతికించి ఇవ్వవలసిన చీరల మూట ఒకటి, పని కాకుండానే వెనక్కి వెళ్లింది. చివరగా ఏడు బండలు. మా గదిలో నేలకు పరిచిన చదరపు బండలు అడుగుకు ఒకటి. మంచం కింది నుంచి నా భార్య గడప దగ్గర వెలుతురులో కూర్చునే చోటుకు ఏడు. ఉగాదికి ముందు ఆ కుందేలు ఏడు బండలూ దాటి వచ్చి ఆమె ఒడిలో గడ్డం ఆనించి పడుకునేది. ఉగాది మధ్యాహ్నం తరువాత చాలా రోజులు ఒక్క బండ కూడా దాటలేదు.

నేను చదివింది ఏడో తరగతి. సూరత్ ఉధ్నాలో మగ్గాల షెడ్డుకు కండెలు చుట్టే పనికి వచ్చాను. ఇప్పుడు అక్కడే మీటర్ల లెక్క, నూలు తూకం చూస్తాను. ఎవరూ నేర్పలేదు. తప్పు పోతే జీతంలో కోస్తారన్న భయమే నేర్పింది. అందుకే ఏ వస్తువైనా కాటా మీద పెట్టనిదే నాకు నమ్మకం కుదరదు. కుందేలు మా ఇంటికి వచ్చిన రోజు కూడా మొదట చేసిన పని దాన్ని సంచిలో కూర్చోబెట్టి తూచడం. రెండు కిలోల ఎనిమిది వందల డెబ్బై గ్రాములు.

అది అంగోరా జాతిది. అడాజన్‌లో నా భార్యకు చీరల పని ఇచ్చే గుజరాతీ ఆవిడ దగ్గర పెరిగింది. వాళ్ల ఇంట్లో మనవడికి ఆ బొచ్చు పడక ఆయాసం మొదలైంది. ఎవరికి ఇవ్వాలా అని ఆవిడ చూస్తుంటే, చీరల మూట తీసుకోవడానికి వెళ్లిన నా భార్య దాని పక్కన కూర్చుని లేవలేదట. మా అమ్మాయి పెళ్లయి భీవండికి వెళ్లిపోయిన ఏడాది అది. పొద్దంతా గదిలో నా భార్య ఒక్కతే.

ఆవిడ అన్నీ విడమరచి చెప్పింది. బొచ్చు రోజు మార్చి రోజు దువ్వాలి, లేకపోతే చిక్కుపడి కంబళిలా గడ్డకడుతుంది. మూడు నెలలకోసారి కత్తిరించాలి. వేడి తట్టుకోలేదు కాబట్టి ఎండాకాలంలో గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎండుగడ్డి, ఎప్పుడూ ముందు ఉండాలి. కుందేలు తన ఒళ్లు తానే నాక్కుంటుంది. కడుపులోకి పోయిన వెంట్రుకలను పిల్లిలా కక్కలేదు. లోపలికి పోయింది వెనక నుంచే బయటికి రావాలి, దాన్ని తోసేది గడ్డి. గడ్డి ఆగితే కడుపు ఆగుతుంది, కడుపు ఆగితే ప్రాణం ఆగుతుంది అని చెప్పింది. స్నానం చేయించవద్దని మాత్రం చెప్పలేదు. కుందేలుకు స్నానం చేయించేవాళ్లు ఉంటారని ఆవిడకు తోచి ఉండదు.

మా పక్కగదిలో మా జిల్లా ఆమె ఉంటుంది. నా భార్యను అక్కా అని, నన్ను బావా అని పిలుస్తుంది. మొదటిరోజు గడపలో నిలబడి చూసి, "గిదేందక్కా, దిండుకు చెవులు మొలిచినయి" అంది.

"దిండు కాదు, నా బిడ్డ" అంది నా భార్య.

"అయితే మూతి ఎటున్నదో జూపియ్యి, ముద్దు పెట్టుకుంట."

నిజంగానే ఎటు మూతో, ఎటు తోకో దువ్వితేగానీ తెలిసేది కాదు. మహా నెమ్మదైన ప్రాణి. ఎత్తుకుంటే ఎత్తుకున్నట్టే ఉండేది. వెల్లకిలా ఒడిలో పెట్టి పొట్ట దువ్వినా ఊరుకునేది. బయట టెంపోలోంచి ఇనుప బీములు దించినప్పుడు మాత్రం వెనక కాలు నేలకేసి ఒక్కటి కొట్టేది. ఆ తరువాత కదిలేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే అసలు సంగతి అక్కడే ఉంది. సుఖంగా ఉన్నా అది కదలదు, ప్రాణం మీదికి వచ్చినా కదలదు. ఆ రెండు కదలకపోవడాలకూ తేడా మాకు తెలియదు.

ఉగాదికి నేను షెడ్డుకు సెలవు పెట్టాను. సూరత్‌లో ఎన్నేళ్లున్నా ఆ రోజు మా ఇంట్లో నూనె పెట్టి తలకు పోసుకోకుండా ఎవరూ పచ్చడి ముట్టరు. నా తలకు నా భార్య నూనె అంటింది, నీళ్లు పోసింది. ఆమె పోసుకుంది. గిన్నెలో గోరువెచ్చని కొబ్బరినూనె ఇంకా మిగిలింది. కుంకుడు రసమూ మిగిలింది. ఆమె కుందేలు వైపు చూసింది.

"దీనికి గూడ పోస్త."

"దానికెందుకే?"

"ఇంట్ల అందరు పోసుకున్నంక అదొక్కటి ఎట్ల ఉంటది? పండుగ కాదా దానికి?" అంది. "బొచ్చంత మగ్గాల దుమ్ము. జర నూనె పెడితే చిక్కు గూడ పోతది. బిడ్డకు పెట్టలేదా నేను?"

మా అమ్మాయి జడ మోకాళ్ల దాకా ఉండేది, ఆ చేతుల కిందే పెరిగింది. నాకూ అందులో తప్పు కనిపించలేదు. చెంబు తెచ్చి పట్టుకున్నాను.

నూనె పెట్టినంతసేపూ అది కదల్లేదు. నీళ్లు పోయగానే ఒక్కసారి తన్నుకుంది. ముందరి కాలి గోరు బాత్రూంలో నీళ్లు పోయే జాలీలో ఇరుక్కుని ఊడింది, కొంచెం రక్తం వచ్చింది. తరువాత అది పూర్తిగా ఊరుకుంది.

"చూడయ్యా, నొప్పి పుట్టినా ఎంత మంచిగ కూసున్నదో" అంది నా భార్య, కుంకుడు రసం పోస్తూ.

అప్పుడు దాని ముక్కు చూశాను. కుందేలు ముక్కు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది, నిద్రలో తప్ప. అది ఆడటం లేదు. కనుగుడ్లు బయటికి వచ్చినట్టు ఉన్నాయి, రెప్ప పడటం లేదు. చెవి ముట్టుకుంటే చల్లగా తగిలింది. గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే చెవి చల్లబడటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

"ఆపు" అన్నాను.

"రసం కడగాలె గదా."

"ఆపు. తువ్వాల తే."

ఎత్తితే తల ఒక పక్కకు వాలిపోయింది. ఆ బొచ్చు నీళ్లను వదలదు. నూలు తడిస్తే ఎంత బరువు పెరుగుతుందో నాకు తెలుసు, కానీ చేతిలో ఉన్నది తడి నూలు బస్తా బరువు. ఒక తువ్వాలు తడిసింది, రెండోది తడిసింది, నా లుంగీ తడిసింది, లోపల చర్మం మాత్రం ఇంకా తడిగానే ఉంది. ఎంత తుడిస్తే అంత ముద్దకట్టింది. దాని గుండె మాత్రం నా అరచేతి కింద లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. లెక్కపెట్టలేనిది ఏదైనా నాకు భయం.

మా హడావిడి విని వచ్చిన పక్కగది ఆమె పొడి దుప్పటి విసిరి, "ఆటో పిలిచిన, ఎక్కు బావా" అంది. ఆ ఒక్కరోజే ఆమె నోటినుంచి హాస్యం రాలేదు.

అడాజన్‌లో కుందేళ్లను కూడా చూసే పశువుల డాక్టర్ దగ్గరికి గుజరాతీ ఆవిడ ఫోన్‌లోనే దారి చెప్పింది. తాపీ వంతెన మీద గాలి తగులుతుంటే నా భార్య దాన్ని చీర లోపలికి తీసుకుని వంగి కూర్చుంది. ఆటోవాడు అద్దంలో చూసి, చిన్నపిల్లా అని హిందీలో అడిగాడు. ఆమె అవునంది.

డాక్టర్ దుప్పటి విప్పి, వాసన చూసి, "నహ్లాయా?" అన్నాడు. స్నానం చేయించారా అని. "ఔర్ తేల్ భీ?" నూనె కూడానా అని.

నా భార్య తల ఊపింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. కుందేలు చాలా భయపడితే గుండె ఆగి చచ్చిపోతుందనీ, అది ఊరుకోవడం చూసి బాగుందనుకోవద్దనీ మెల్లగా చెప్పాడు. వేడి సీసాల మధ్య పెట్టి, బొచ్చు మొత్తం చర్మం దాకా కత్తిరించాడు. చర్మం పలచటి కాగితంలా ఉంది, కత్తెర కదిలినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టాను. పని అయ్యాక బల్ల మీద ఉన్నది మా కుందేలు కాదు. పెద్ద చెవులు, పక్కటెముకలు, గులాబీ చర్మం. నా రెండు అరచేతుల్లో పట్టేలా ఉంది.

"బతికినట్టేనా సార్?" అన్నాను హిందీలో.

"ఇప్పుడే చెప్పలేను. రోజూ ఒళ్లు నాక్కున్న వెంట్రుకలు లోపల ఉంటాయి. భయానికి కడుపు కూడా ఆగింది. గడ్డి తినాలి, పెంటికలు వేయాలి. రేపు సాయంత్రానికి వేయకపోతే నాకు చేయగలిగింది తక్కువ."

గడ్డిపొడి నీళ్లలో కలిపి సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి పోయడం చూపించాడు. పొట్ట మెల్లగా నిమరడం, చెవి ఆనించి లోపల గుడగుడ వినడం నేర్పాడు. ఇంటికొచ్చి నేను చెవి ఆనించాను. ఏమీ వినిపించలేదు.

మగ్గాల మధ్య బతికినవాడికి చప్పుడు భయం కాదు. షెడ్డులో వంద మగ్గాలు కొట్టుకుంటున్నంతసేపూ అంతా సరిగా ఉన్నట్టు. ఒకటి ఆగితే వీపు వెనక ఉన్నా తెలుస్తుంది, ఎక్కడో పోగు తెగిందని పరుగెత్తుతాం. ఆ పొట్టలో అన్ని మగ్గాలూ ఆగిపోయి ఉన్నాయి. పోగు ఎక్కడ తెగిందో చూడటానికి దారి లేదు.

మంచం కింద తెల్ల కాగితం పరిచాం. మరునాడు కూడా నేను పనికి వెళ్లలేదు. నా భార్య చీరల మూట విప్పలేదు. ఆమె సిరంజి తీసుకుని దగ్గరికి వెళ్తే చాలు, అది గోడలోకి దూరిపోవాలన్నట్టు నక్కేది. చేయి చాపితే వెనక కాలు కొట్టేది. నేను పట్టుకుంటే ఊరుకునేది. అందుకని నేనే పోశాను. ఆమె గడప దగ్గర కూర్చుని దూరం నుంచి చూసింది.

"నా చెయ్యి చూసి జడుసుకుంటున్నది" అంది.

"జబ్బుతోని ఉన్నది గదనే."

"కాదు. నేను పోసిన నీళ్లు గుర్తున్నయి దానికి." "చచ్చిపోతే నన్ను చూసి భయపడుకుంటనే పోతది గదా" అంది.

సిరంజి కడిగాను. కాగితం చూశాను, తెల్లగా ఉంది. మళ్లీ చూశాను. పొట్ట నిమిరి చెవి ఆనించాను. మనసులో సాయంత్రం దాకా మిగిలిన సమయాన్ని భాగిస్తూ కూర్చున్నాను. ఎట్లా భాగించినా అది తగ్గుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా, డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలని దుప్పటి తీస్తుంటే కాగితం మీద చిన్న చప్పుడైంది. మిరియం గింజంత పెంటిక ఒకటి. ఊపిరి పీల్చడానికి కూడా జంకుతూ చూశాం. తరువాత మూడు వచ్చాయి, ఒకే వెంట్రుకకు గుచ్చిన పూసల్లా వేలాడుతూ. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను పక్కగదికి వినపడేలా, "నాలుగు" అన్నాను.

"ఏంది బావా, పిల్లలా?" అంటూ వచ్చి కాగితం చూసి, "మా అత్త ఆస్పత్రిల పడ్డప్పుడు గూడ నేను గింతగనం ఎదురుచూడలే" అంది. అందరం నవ్వాం.

అది బతికింది. మళ్లీ గడ్డి నమిలింది. రెండు కిలోల మూడు వందల ఇరవైకి పడిపోయిన బరువు గ్రాము గ్రాముగా పైకి వచ్చింది. మొన్న బొచ్చు కత్తిరించాక తూచితే రెండు కిలోల ఆరు వందల యాభై అయిదు, పోయిన ఒంటి బరువు తీరిపోయి పదిహేను గ్రాములు ఎక్కువే. బొచ్చు పాతదానికన్నా ఒత్తుగా వచ్చింది. గోరు మొలిచింది. గుజరాతీ ఆవిడ వేరే మూట ఇచ్చింది. ఇప్పుడు దువ్వెన తప్ప దాని ఒంటికి ఇంకేమీ తగలనివ్వం, ఆ దువ్వడం కూడా నేనే.

బండల లెక్క వేరుగా నడిచింది. ఎండలు ముదిరేసరికి మంచం కింది నుంచి ఒక బండ బయటికి వచ్చింది. వానల్లో మరొకటి. నా భార్య పిలవడం మానేసింది. పిలిస్తే వెనక్కి పోతుందని ఆమెకే తెలిసింది. గడప దగ్గర కూర్చుని రాళ్లు అతికిస్తూ, చూడనట్టు, మెంతికూర కాడ ఒకటి పక్కన పెట్టుకుంటుంది. దీపావళికి నాలుగో బండ మీద పడుకుంది. ఈమధ్య అయిదో బండ దాకా వస్తోంది. అక్కడ కూర్చుని మెడ చాపి, ముక్కు ఆడిస్తూ ఆమె చేతుల వైపు చూస్తుంది. ఆమె చేతులు పనిలోనే ఉంటాయి, సూది మందం కూడా అటు కదలవు.

ఇంకా రెండు బండలు రావాలి.