మినప కుప్పలోకి పోనీయ్

1971 మార్చిలో మొదటి ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలు. మనిషికింతని ఎక్కించుకుని తెనాలి నుంచి రేపల్లె పోయే అద్దె కారులో ఉన్నాం. పక్కనే కాలువ. బ్రేకు తొక్కితే కాలు నేలకు తగులుతోందని డ్రైవరు కేకపెట్టాడు. నా ఒళ్లో చంటి కూతురు, పక్కన నా భార్య.

ముందు సీట్లో ఎవరో ముసలాయన. "మళ్లీ మళ్లీ తొక్కు అబ్బాయ్. గేరు తగ్గించు. హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగు. అదిగో, ఆ మినప కుప్పలోకి పోనీయ్" అన్నాడు.

బళ్లు తొక్కి గింజ రాలుస్తాయని రైతులు మినపకట్టె రోడ్డు మీద పరిచి, మిగతాది అంచున కుప్ప వేస్తారు. కారు ఆ కుప్పలో కూరుకుని ఆగింది. రైతు పరిగెత్తుకొచ్చాడు.

"తొక్కమని పరిచింది అదయ్యా! కుప్పలోకి తోలతావేంటి?"

"తిట్టు అల్లుడూ, తీరిగ్గా తిట్టు. వినడానికి అందరం ఉన్నాం" అన్నాడు ముసలాయన.

ఆ గోలలో ఆయన పేరు అడగలేదు. ప్రార్థనలో ఇప్పటికీ ముందు సీటాయన అనే తలుచుకుంటాను.

ఆ రోజు అక్కడున్నది డ్రైవరు కోటయ్య, రైతు వెంకటస్వామి, నా భార్య సుశీల, చంటిది మరియమ్మ, ఏసోబు అనే నేను, ఆయన.