ఐజుకీ చోషూకీ మధ్య నేను

జపాన్‌లో పందొమ్మిదో శతాబ్దంలోనే ముగిసిపోయిన అంతర్యుద్ధాన్ని, ఇల్లినాయ్‌లోని అరోరాలో, మా డైనింగ్ టేబుల్ మీద, సాంబారు చల్లారకముందే మళ్లీ మొదలుపెట్టించిన ఘనుణ్ని నేను. తుపాకులు పేలలేదు. పేలినా నాకు అంతకంటే నష్టం జరిగేది కాదు.

ఎనభైల మొదట్లో మాట. మా పంపుల కంపెనీకి ఒసాకా సంస్థ ఒకదానితో ఒప్పందం కుదిరేలా ఉంది. కుదిరితే ఆర్నెల్లు జపాన్ వెళ్లేది నేనేనని బాసు మాటిచ్చాడు. నేను సూట్‌కేసు కొనేసి, ఊళ్లోని తెలుగువాళ్లందరికీ చెప్పేశాను కూడా. సంతకాల ముందురోజు బాసు, "నువ్వూ ఏషియన్‌వే, వాళ్లూ ఏషియన్లే. ఇంటికి డిన్నర్‌కి పిలువు" అన్నాడు. ఆయన లెక్కలో మా తెనాలి నుంచి ఒసాకాకి బస్సు ఉంది.

నేనూ తక్కువ తినలేదు. లైబ్రరీ నుంచి జపాన్ చరిత్ర తెచ్చి ఒక అధ్యాయం చదివాను. షోగన్ అనే సైనిక పాలకుడి పక్షాన ఫ్రెంచ్ అధికారులు నిలబడ్డారు. చక్రవర్తి పక్షానికి ఇంగ్లిష్ వర్తకులు తుపాకులు అమ్మారు. ఐజు ప్రాంతం షోగన్ వైపు, చోషూ ప్రాంతం చక్రవర్తి వైపు. చివరికి చక్రవర్తి సైన్యం ఐజు కోటను ముట్టడించి గెలిచింది. ఒక్క అధ్యాయం చదివినవాడికి ఉండే ధైర్యం పుస్తకమంతా చదివినవాడికి ఉండదు.

వచ్చినవాళ్లు ఇద్దరు: పెద్దాయన హోషినో, ఆయన కింద పనిచేసే హరాదా. ఎదుటి మనిషి ఊరు తెలియనిదే మన తెలుగువాడికి ముద్ద దిగదు కదా. అడిగేశాను.

"మీదే ఊరండీ?"

"ఒసాకా," అన్నారిద్దరూ.

"అది ఉద్యోగం చేసే ఊరు. సొంతూరు?"

హోషినో తటపటాయించి, "ఐజు" అన్నాడు. హరాదా సాంబారులోకి చూస్తూ, "యామగుచి. పూర్వం చోషూ అనేవారు" అన్నాడు. ఏళ్ల తరబడి ఒకే ఆఫీసులో ఉండి కూడా ఆ మాట ఒకరినొకరు అడగలేదని వాళ్ల మొహాలే చెప్పాయి.

వంటింట్లోంచి మా ఆవిడ సరళ, వరంగల్ మనిషి, తెలుగులో హెచ్చరించింది. "ఏమండీ, వాళ్ల ఊర్లతోని మీకేం పని? గారెలు పెట్టుండ్రి."

"నువ్వుండు. హిస్టరీ డిస్కస్ చేస్తున్నాం."

హోషినో వైపు తిరిగాను. "మీ కోట మీద పేలిన తుపాకులు ఇంగ్లిష్ వాళ్లు అమ్మినవే కదండీ! ఫ్రెంచ్ వాళ్లు ఇంకాస్త గట్టిగా నిలబడి ఉంటే మీరే గెలిచేవాళ్లు."

హరాదా చెంచా కింద పెట్టాడు. అయ్యో, చిన్నబుచ్చుకున్నాడే అని అతన్ని ఓదార్చాను. "మీ తప్పేం లేదండీ. వాళ్లు అమ్మారు, మీరు కొన్నారు. కొన్నాక కాల్చకుండా ఎలా ఉంటాం?"

ఈసారి హోషినో చెంచా కింద పెట్టాడు. "మా ముత్తాత ఆ కోటలో ఉన్నాడు."

"మా ముత్తాత కోట బయట ఉన్నాడు," అన్నాడు హరాదా.

"చూశారా, ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు!" అన్నాను నేను, మహా సంబరంగా.

పాయసం ఎవరూ ముట్టలేదు. హోటల్‌కి డ్రాప్ చేస్తుంటే ఒకాయన ముందు సీట్లో, ఒకాయన వెనక సీట్లో, కిటికీల్లోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నారు. ఇంటికి రాగానే సరళ అంది: "మా అన్నకు, మీ తమ్మునికి నడుమ ఒక అమెరికాయన వచ్చి తీర్పు చెప్తే మీకెట్లుంటది?" అప్పటికి గాని నాకు వెలగలేదు. ఒప్పందం పోతే నా జపాన్ మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు.

మర్నాడు బాసు నవ్వుతూ వచ్చాడు. "సంతకాలు అయిపోయాయి! రాత్రి హోటల్లో ఇద్దరూ కూర్చుని బాగా మాట్లాడుకున్నారట. ఇప్పుడు అన్నదమ్ముల్లా ఉన్నారు. ఒక్క షరతు మాత్రం కలిసి పెట్టారు."

"ఏమిటి సార్?"

"జపాన్‌కి ఎవరినైనా పంపమన్నారు, నిన్ను తప్ప."

శతాబ్దం దాటినా కలవని ఐజు, చోషూలు చివరికి ఒక్క మాట మీదికొచ్చాయి: ఈ ఒక్క విదేశీయుణ్ని రానివ్వకూడదని! నా బదులు పక్క బల్ల బాబ్ వెళ్లాడు. జపాన్ చైనాలో ఉందనుకునేవాడు కాబట్టి అక్కడ ఎవరినీ ఏమీ అడగలేదు, ప్రమోషన్‌తో తిరిగొచ్చాడు.

నేను దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాను. బొందిలో ప్రాణం ఉండగా ఎవరి అంతర్యుద్ధంలోనూ ఏ పక్షాన్నీ ఓదార్చను అని.

పక్కనే నిలబడ్డ సరళ, "మా ఇంటోళ్ల పంచాయితీలు సుత అందుల కలుపుండ్రి" అంది.

కలిపాను.